ఫోనుతో పాటే వచ్చిన యాప్‌లకు అనుమతులు తీసేస్తే సరిపోతుందా?

పరకాల దగ్గర ప్రభుత్వ బడిలో పనిచేసే ఉపాధ్యాయుడు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. పద్నాలుగు వేలు పెట్టి కొత్త ఆండ్రాయిడ్ ఫోను కొన్నారు. పెట్టె విప్పేసరికే అందులో నలభైకి పైగా యాప్‌లున్నాయి. ఒక ఆదివారం కూర్చుని, ఒక్కొక్కటిగా తెరిచి లొకేషను, మైకు, కెమెరా, కాంటాక్టుల అనుమతులన్నీ తీసేశారు. రెండింటి దగ్గర మాత్రం మీట బూడిద రంగులో ఉండి కదలలేదు: ఒకటి గూగుల్ ప్లే సర్వీసెస్, రెండోది కంపెనీ సొంత భద్రతా యాప్. "ఆ రెండూ పోగా మిగతావి ఇక నా సమాచారం తీసుకోలేవు కదా?" అన్నది ఆయన సందేహం.

సార్, సూటిగా చెబుతాను. తీసుకోగలవు. మీ ఆదివారం వృథా కాలేదు. కాంటాక్టులు, మైకు, ఫొటోల వంటివి చాలావరకు వాటికి అందకుండా చేశారు. కానీ ఫోనుతో పాటే వచ్చిన యాప్ చేయగలిగిన పనుల్లో ఆ అనుమతుల పేజీలో కనిపించేవి కొన్నే. కనిపించని వాటికి మీటలు లేవు. అందుకే నా దుకాణానికి వచ్చిన వాళ్ళకు నేను ముందు చెప్పే మాట: అనుమతి తీయడం కన్నా, అక్కర్లేని యాప్‌ను నిలిపివేయడం మేలు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను. హనుమకొండ చౌరస్తా దగ్గర పదహారేళ్ళుగా ఫోన్ల మరమ్మతు చేస్తున్నాను కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే.

2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చేదాకా, యాప్ వేసుకునేటప్పుడే అది అడిగిన మొత్తానికీ ఒకేసారి ఒప్పుకోవలసి వచ్చేది. ఆరో వెర్షన్‌తో, అవసరం పడినప్పుడు అడిగి తీసుకునే పద్ధతి మొదలైంది. ఆ పద్ధతి బాగా పనిచేసేది ప్లే స్టోరు నుంచి మనం తెచ్చుకునే యాప్‌ల విషయంలో. తయారీదారు ఫోనులో పెట్టి పంపే వాటి లెక్క వేరు. కొన్ని అనుమతులు ముందే ఇచ్చి పంపవచ్చు. కొన్నింటిని వాడేవాడు మార్చలేకుండా బిగించి కూడా పంపవచ్చు. మీకు కనిపించిన బూడిద రంగు మీట అలా బిగించినదే.

అసలు సంగతి దానికి కింద ఉంది. ఫోనులో కంపెనీ వాళ్ళకు తప్ప మరెవరికీ రాయడానికి వీల్లేని ఒక భాగం ఉంటుంది. అందులో కూర్చున్న యాప్‌లలో కొన్నింటికి ప్రత్యేక హక్కులుంటాయి. మిమ్మల్ని అడగకుండా ఇంకో యాప్ వేయగలవు. ఫోనులో ఏయే యాప్‌లున్నాయో జాబితా తీయగలవు. ఏది ఎప్పుడు తెరిచారు, ఎంతసేపు చూశారు అన్నది తెలుసుకోగలవు. 2019లో ఆండ్రాయిడ్ 10 తో మామూలు యాప్‌లు ఐఎంఈఐ (ఒక్కో ఫోనుకు ఒక్కటే ఉండే గుర్తింపు నంబరు), సీరియల్ నంబరు చదివే దారి మూసేశారు. ప్రత్యేక హక్కున్న యాప్‌లకు ఆ దారి తెరిచే ఉంది. వీటిలో చాలావాటికి అనుమతుల పేజీలో వరుసే ఉండదు, ఇక మీట ఎక్కడిది?

ఇంటర్నెట్ సంగతి కూడా అంతే. ఒక యాప్ సర్వరుతో మాట్లాడడానికి మామూలు ఆండ్రాయిడ్‌లో మన అనుమతి అక్కర్లేదు. కొన్ని కంపెనీలు తమ వంతుగా మొబైల్ డేటా, వైఫై మీటలు ఇస్తాయి గానీ ముఖ్యమైన సిస్టమ్ యాప్‌లు తరచుగా ఆ జాబితాలో ఉండవు. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. కంపెనీ ఒకే డిజిటల్ సంతకంతో చేసిన యాప్‌లు కొన్ని లోపల ఒకే గుర్తింపు కింద నడుస్తాయి. ఆండ్రాయిడ్ అనుమతి ఇచ్చేది ఆ గుర్తింపుకు. గుంపులో ఒకదానికి ఉన్నది మిగతావాటికీ ఉన్నట్టే.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు ఇదంతా నేను మరోలా చెబుతాను. సరుకు ఎవరికి అమ్మాలి, ధర నచ్చకపోతే ఆపాలా అన్నది నీ ఇష్టం. కానీ గేటు దగ్గర బండి నంబరు, బస్తాల లెక్క రాసుకున్న తర్వాతే కదా లోపలికి వచ్చావు. ఒక్క బస్తా అమ్మకుండా ఇంటికి తీసుకుపోయినా ఆ రాత గేటు రిజిస్టరులో ఉంటుంది. అనుమతుల పేజీ కొనేవాడిని ఆపుతుంది. గేటు దగ్గర కూర్చున్నవాడిని ఆపదు.

ఇది నా ఊహ కాదు. స్పెయిన్, అమెరికా పరిశోధకులు కలిసి 2019లో 214 కంపెనీలకు చెందిన 1,700కు పైగా ఫోను మోడళ్ళలో, ముందే వేసి వచ్చిన 82,000కు పైగా యాప్‌లను పరిశీలించారు. ప్రకటనల సంస్థలు, డేటా సంస్థల కోడ్ వాటిలో లోతుగా పాతుకుపోయి ఉందని తేల్చారు. డబ్లిన్ ట్రినిటీ కళాశాల, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో శాంసంగ్, షావోమీ, రియల్‌మీ, హువావే ఫోన్లను పరీక్షించారు. అడిగిన ప్రతిదానికీ వద్దని చెప్పి, ఫోనును ముట్టకుండా పక్కన పెట్టినా అవి తయారీదారుకు సమాచారం పంపుతూనే ఉన్నాయి. ముందే వేసిన యాప్‌ల ద్వారా గూగుల్, మైక్రోసాఫ్ట్, లింక్డ్‌ఇన్, ఫేస్‌బుక్ వంటి ఇతర సంస్థలకూ కొంత వెళ్ళింది. ఆ పరిశోధనలో నన్ను ఆపేసిన వివరం ఒకటుంది. ప్రకటనల గుర్తింపు సంఖ్యను, అంటే ప్రకటనల వాళ్ళు మన ఫోనును గుర్తుపట్టే నంబరును, మనం మార్చుకున్నా, మారని హార్డ్‌వేరు నంబరు కూడా దానితో పాటే వెళుతుంటే పాతదీ కొత్తదీ ఒకరివేనని కలుపుకోవచ్చు. అంటే "రీసెట్" అన్న బటన్ ఉంది, నొక్కితే నొక్కినట్టే ఉంటుంది, ఫలితం మాత్రం కంపెనీ మర్యాద మీద ఆధారపడుతుంది.

నేనూ ఒకసారి చూద్దామనుకున్నాను. మా దుకాణంలో వైఫైకి తగిలే ప్రతి ఫోనూ ఏ సర్వరు పేరు అడుగుతోందో రాసి పెట్టే ఏర్పాటు చేశాను. సిమ్ము లేని కొత్త ఫోను, ఖాతా ఏదీ కలపకుండా, అనుమతులన్నీ తీసేసి రాత్రి ఛార్జింగుకు పెట్టి షట్టరు దించి వెళ్ళాను. పొద్దున వచ్చి చూస్తే ఆ జాబితాను వేలితో ఎంత కిందికి జరిపినా అయిపోలేదు. న్యాయంగా చెప్పాలంటే అందులో సగం మామూలువే: గడియారం సరిచేసుకోవడం, అప్‌డేట్ ఉందేమో చూడడం, ఇంటర్నెట్ ఉందా లేదా అని తట్టి చూడడం. పైగా నాకు కనిపించేది తలుపు తట్టిన ఇంటి పేరే, లోపల ఏం మాట్లాడిందో కాదు. అయినా, రాత్రంతా ఎవరూ ముట్టని ఫోనుకు వాతావరణం యాప్ వాళ్ళతో, ఆటల స్టోరు వాళ్ళతో ఏం పని?

ఇక్కడ ఒక భయం తీర్చాలి. "మేము మాట్లాడుకున్నది విని ప్రకటనలు వేస్తోంది" అంటూ వారానికి ఇద్దరైనా వస్తారు. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు, కెమెరా వాడితే తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. గోప్యతా డ్యాష్‌బోర్డులో ఎవరు ఎప్పుడు వాడారో కూడా ఉంటుంది. అందులో పైన మూడు చుక్కలు నొక్కి "సిస్టమ్‌ను చూపించు" అన్నది ఎంచుకోండి. లేకపోతే సిస్టమ్ యాప్‌ల వాడకం చాలావరకు కనిపించదు. నేను చూసినంతలో ఈ యాప్‌లు తీసుకెళ్ళేది మాటలను కాదు, విసుగు పుట్టించే చిన్న చిన్న లెక్కలను: మోడలు, యాప్‌ల జాబితా, ఏది ఎంతసేపు తెరిచారు. ఆ జాబితానే తక్కువ అంచనా వేయకండి. అప్పుల యాప్‌లు మూడు, ఉద్యోగాల యాప్ ఒకటి, గర్భిణుల కోసం చేసినది ఒకటి ఉంటే ఆ ఇంటి సంగతి చెప్పడానికి మైకు అక్కర్లేదు.

ఇప్పుడు చేయగలిగినవి. మీ సెట్టింగ్‌లలో ఒక యాప్ పేజీ తెరిస్తే మూడు రకాల బటన్లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. అన్‌ఇన్‌స్టాల్ ఉంటే అదృష్టం, తీసేయండి. డిజేబుల్ ఉంటే నొక్కండి. యాప్ ఫోనులోనే పడి ఉంటుంది గానీ నడవదు, నడవని యాప్ ఏదీ పంపలేదు. అప్‌డేట్‌లు తీసేయడం ఒక్కటే ఉంటే దానివల్ల గోప్యతకు లాభం పెద్దగా లేదు, పాత లోపాలు తిరిగొస్తాయి కూడా. ఉన్న బటన్ కూడా బూడిద రంగులో ఉంటే ఆ యాప్‌ను ఫోను వదలదని అర్థం. ఫేస్‌బుక్ యాప్ కనిపించకపోయినా దాని పేరుతో మేనేజర్, సర్వీసెస్ అని ఒకటి రెండు లోపల దాగి ఉండవచ్చు. యాప్‌ల జాబితాలో సిస్టమ్ యాప్‌లను కూడా చూపించమంటేనే బయటపడతాయి. డిజేబుల్ అవుతాయి, చేసేయండి. ఫ్యాక్టరీ రీసెట్ చేసిన రోజున అన్నీ మళ్ళీ లేచి కూర్చుంటాయి, పెద్ద అప్‌డేట్ తర్వాత కూడా కొన్ని లేస్తాయి. అందుకే నిలిపివేసిన వాటి పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

డిజేబుల్ తర్వాత ముఖ్యమైనది కీబోర్డు. మీరు టైపు చేసే ప్రతి అక్షరమూ దాని గుండానే పోతుంది. ట్రినిటీ వాళ్ళు చూసిన హువావే ఫోనులో, యాప్‌లలో కీబోర్డు ఎప్పుడు వాడారన్న వివరాలు స్విఫ్ట్‌కీ అనే కీబోర్డు ద్వారా మైక్రోసాఫ్ట్‌కు వెళ్ళాయి. ఇంటర్నెట్ వాడే వీలే పెట్టుకోని ఓపెన్ సోర్స్ (కోడ్ అందరూ చూడగలిగే) కీబోర్డులున్నాయి. తెలుగు లేఅవుటు ఉన్నది చూసి మార్చుకోండి. ప్రకటనల గుర్తింపు సంఖ్యను గూగుల్ సెట్టింగ్‌లలోకి వెళ్ళి రీసెట్ చేయకుండా ఏకంగా తొలగించండి, ఖర్చు లేని పని. సర్వరు పేరుకు చిరునామా వెతికిపెట్టే ఏర్పాటును డీఎన్‌ఎస్ అంటారు; ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్‌ఎస్‌లో ప్రకటనలను అడ్డుకునే సర్వరు పేరు వేస్తే కొంత రద్దీ తగ్గుతుంది. అయితే నేరుగా చిరునామా తెలిసిన యాప్‌కు అది అడ్డం కాదు.

సమ్మతి పేజీల సంగతి మాత్రం వేరే చెప్పాలి. నర్సంపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. లాక్ తెర మీద రోజూ అప్పుల ప్రకటనలు, రమ్మీ ప్రకటనలు. మనవడు అనుమతులన్నీ తీసేశాడు, ప్రకటనలు ఆగలేదు. ఆగవు మరి, ప్రకటన చూపించడానికి లొకేషనూ అక్కర్లేదు, కాంటాక్టులూ అక్కర్లేదు. వెతగ్గా వెతగ్గా పాస్‌వర్డులు, భద్రత అన్న శీర్షిక కింద, అడుగున, సమ్మతిని వెనక్కి తీసుకునే పేజీ దొరికింది. లోపల ప్రకటనల సేవ పేరు పొడి అక్షరాల్లో ఉంది, అది ప్రకటనల సేవ అని ఎక్కడా రాయలేదు. మీట ఆపగానే హెచ్చరిక వచ్చింది. "రద్దు" అన్న బటన్ అప్పటికే వెలుగుతోంది. "ఉపసంహరించు" అన్నదాని పక్కన పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్క నడుస్తోంది, సున్నా అయ్యాకే నొక్కనిస్తుంది. నొక్కితే విఫలమైందని చూపించింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన డేటా ప్యాకు అయిపోయి నెట్ లేదు. మా వైఫై కలిపి మళ్ళీ పది సెకన్లు కూర్చున్నాం. సమ్మతి ఇచ్చేటప్పుడు సెకను, వెనక్కి తీసుకోవాలంటే ఇంత తతంగం.

ఆ సమ్మతి ఇచ్చింది కూడా ఆయన కాదు. ఫోను అమ్మిన దుకాణం కుర్రవాడు. గాజు పొర అతికిస్తూ, ఇంకో చేత్తో "అంగీకరిస్తున్నాను" అని వరసగా నొక్కుకుంటూ పోతాడు. కొత్త ఫోనును దుకాణంలో సెటప్ చేయనివ్వకండి, ఇంటికి తెచ్చి మీరే చేసుకోండి. వినియోగదారు అనుభవం మెరుగుదల, సిఫార్సులు, వ్యక్తిగతీకరించిన ప్రకటనలు అన్న చోట్ల టిక్కు తీసేసినా ఫోను చక్కగా నడుస్తుంది.

ఇక కంప్యూటరుకు తగిలించి, ఆదేశాలతో సిస్టమ్ యాప్‌లను పెరికేసే పద్ధతి ఉంది. యూట్యూబులో చూసి చాలామంది చేస్తున్నారు. అది కూడా యాప్‌ను చెరిపేయదు, మీ ఖాతా వరకు తీసి పక్కన పెడుతుంది, అంతే. పనికొస్తుంది, నేనూ చేస్తాను. కానీ ఏది దేనికి ఆధారమో తెలియకుండా చేస్తే ఏమవుతుందో నాకు మా మేనత్త ఫోను నేర్పింది. దాని భద్రతా యాప్ వేధిస్తోందని పెరికేశాను. తిరిగి ఆన్ చేస్తే కంపెనీ గుర్తు వస్తుంది, ఆరిపోతుంది, మళ్ళీ వస్తుంది. చివరికి రీసెట్ చేయక తప్పలేదు. ఫొటోలు ఎక్కడా దాచి పెట్టలేదు, పోయాయి. తప్పు నాదే. ప్రతి బతుకమ్మకూ ఆమె ఆ ఫొటోలు గుర్తు చేస్తుంది. కాబట్టి మీ బూడిద రంగు మీటల్లో రెండోదాన్ని, అంటే కంపెనీ భద్రతా యాప్‌ను, ఆదేశాలతో కదిలించకండి.

మొదటిది, ప్లే సర్వీసెస్, ఇంకా మొండిది. దాన్ని ఆపితే నోటిఫికేషన్లు, మ్యాపులు, చెల్లింపుల యాప్‌లు ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. దానికి ఫోనులో కాదు, గూగుల్ ఖాతాలో మందు ఉంది. వెబ్, యాప్ కార్యకలాపాలు, టైమ్‌లైన్ (ఇదివరకు లొకేషన్ చరిత్ర అనేవారు) అన్నవి అక్కడ ఆపుకోవచ్చు.

మొత్తం సిస్టమ్‌నే మార్చేసి, కంపెనీ ఆండ్రాయిడ్‌కు బదులు లినేజ్ వంటి వేరే ఆండ్రాయిడ్ వేయమని అడిగేవాళ్ళున్నారు. ట్రినిటీ పరీక్షలో దాదాపు ఏమీ పంపనిది 'ఇ' అనే అలాంటి సిస్టమ్ ఒక్కటే. అయినా నేను చాలామందికి వద్దంటాను. అందుకు బూట్‌లోడర్ (వేరే సిస్టమ్ ఎక్కకుండా ఫోనుకు ఉండే తాళం) తెరవాలి; తెరిస్తే బ్యాంకు యాప్‌లు కొన్ని పనిచేయవు, వారంటీ గొడవలొస్తాయి. రెండో ఫోను ఉన్నవాళ్ళకైతే సరే.

వాయిదాల మీద ఫోను కొన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. ఫైనాన్సు వాళ్ళు పెట్టే లాక్ యాప్ తయారీదారు పెట్టినది కాదు, కానీ సెటప్ పూర్తికాకముందే ఎక్కించడం వల్ల ఫోను యజమాని స్థానంలో కూర్చుంటుంది. అందుకే దాని డిజేబుల్ బటన్ పనిచేయదు. దాన్ని పీకమని నా దగ్గరికి వస్తుంటారు, నేను ముట్టను. ఆఖరి వాయిదా కట్టిన రోజున మాత్రం, తీసేసినట్టు వాళ్ళతో చేయించుకుని మీ కళ్ళతో చూసుకుని రండి.

చట్టం ఏం చేస్తోందని కూడా అడిగారు. 2022 అక్టోబరులో మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ, ముందే వేసిన తన యాప్‌లను వాడేవాళ్ళు తీసేసుకునేందుకు అడ్డు పడవద్దని చెప్పింది. 2023 మార్చిలో అప్పీలు ట్రైబ్యునలు జరిమానాను నిలబెట్టింది, ఆ ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. ఐరోపాలో డిజిటల్ మార్కెట్ల చట్టం కింద 2024 నుంచి అక్కడివాళ్ళకు ఆ వెసులుబాటు ఎక్కువ. మన దగ్గర 2025 నవంబరు చివర్లో టెలికాం శాఖ, పోయిన ఫోన్లు, ఫోను మోసాల ఫిర్యాదుల కోసం తాను చేసిన సంచార్ సాథీ యాప్‌ను ప్రతి కొత్త ఫోనులో ముందే వేయాలని కంపెనీలకు చెప్పింది, విమర్శలు రావడంతో డిసెంబరు 3న ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. 2023 నాటి డేటా రక్షణ చట్టంలో, సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని రాసి ఉంది. నర్సంపేట పెద్దాయన ఫోనులోని పది సెకన్ల లెక్క దీనికి ఎలా సరిపోతుందో చూడాలి. నియమాలు 2025 నవంబరులోనే వచ్చాయి, ముఖ్యమైనవి అమలుకు రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు.

ఐఫోను కొంటే తీరుతుందా అంటే, తీరదు, తగ్గుతుంది. అక్కడ ప్రకటనల యాప్‌లు నింపి పంపరు. కానీ ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం వాళ్ళు 2024లో ఆపిల్ సొంత యాప్‌ల సెట్టింగ్‌లను పరిశీలిస్తే, వాటిని పూర్తిగా ఎలా ఆపాలో వాడేవాళ్ళకు తేలలేదు, కొన్ని మీటలకు పేరొకటి, చేసేది మరొకటి. ధర సంగతి కూడా గుర్తుంచుకోండి. షావోమీ 2018లో తన హార్డ్‌వేరు మీద నికర లాభం అయిదు శాతం దాటనివ్వనని ప్రకటించింది. ఫోను మీద అంత తక్కువ మిగుల్చుకునే సంస్థకు మిగతాది ఎక్కడి నుంచి రావాలి? ఇంటర్నెట్ సేవల నుంచి, ప్రకటనల నుంచి. పద్నాలుగు వేల ఫోనులో నలభై యాప్‌లు ఎందుకున్నాయో అక్కడే ఉంది జవాబు.

మీ ఫోను మోడలు, ఆండ్రాయిడ్ వెర్షన్, నిలిపివేయాలనుకుంటున్న యాప్‌ల పేర్లు రాయండి సార్. ఏవి ఆపితే ఏది ఆగుతుందో నాకు తెలిసినంత చెబుతాను. తెర బొమ్మలు పెట్టేముందు ఐఎంఈఐ ఉన్న వరుసను చెరిపేయండి. నిన్న ఇంకొకరు దాన్ని అలాగే పెట్టేశారు.